శుక్లం, గ్లకోమా కలిపి ఆపరేషన్: ఫలితం నిలబెట్టుకోవడం ఎలా?

ఒకే కంట్లో శుక్లమూ, గ్లకోమా (నీటికాసుల జబ్బు) రెండూ ఉన్నాయి, ఒకేసారి కలిపి ఆపరేషన్ చేసేద్దాం అని డాక్టరు చెబితే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. శుక్లం తీసిన ఫలితం కొద్ది వారాల్లో మీ కంటికే తెలుస్తుంది. గ్లకోమా ఆపరేషన్ ఫలితం మాత్రం కంటి ప్రెజర్ చూసే మిషన్‌కే తెలుస్తుంది, అదీ మూడు నెలలపాటు పదేపదే చూస్తేనే. గోడ మీద క్యాలెండర్ కనబడుతోంది, టీవీలో కింద పోయే అక్షరాలు చదవగలుగుతున్నాం అని చెకప్‌లు మానేసిన కళ్లలోనే నీటికాసుల జబ్బు చప్పుడు లేకుండా మళ్లీ మొదలవుతుంది. అందుకే ఈ వివరాలు ఆపరేషన్ చేయించుకునేవాళ్లతో పాటు, పక్కనుండి చుక్కలు వేసే కొడుకులకీ కోడళ్లకీ కూడా.

ముందు, లోపల ఏం చేస్తారో తెలుసుకోండి

కంటి లోపల ఎప్పుడూ కొద్దికొద్దిగా నీరు ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మూసుకుపోతే ప్రెజర్ పెరిగి కంటి నరం ఎండిపోతుంది. కలిపి చేసే ఆపరేషన్‌లో శుక్లాన్ని తీసి లెన్స్ పెడతారు. దాంతోపాటు తెల్లగుడ్డు పొరలో పైరెప్ప కింద దాగే చోట చిన్న తలుపులాంటి మూత కోసి, నీరు పోవడానికి కొత్త దారి చేస్తారు. దీన్ని ట్రాబెక్యులెక్టమీ అంటారు. ఆ నీరు పైపొర కింద చేరి చిన్న పొక్కులా ఉబ్బుతుంది. దాని పేరు బ్లెబ్. ఫలితమంతా ఆ బ్లెబ్ మీదే నిలబడి ఉంటుంది.

మిగతా ఆపరేషన్లలో గాయం ఎంత త్వరగా మానితే అంత మంచిది. ఇక్కడ లోపలి దారి పూడిపోకుండా ఉండడమే కావాలి. శరీరమేమో దాన్నీ గాయమనుకుని పూడ్చడానికే చూస్తుంది. అందుకే చాలామంది సర్జన్లు ఆపరేషన్ టేబుల్ మీదే మైటోమైసిన్ అనే మందును ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆ చోట ఉంచి కడిగేస్తారు. తర్వాత నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేయమనేదీ ఇందుకే. శుక్లం కూడా తీసినప్పుడు కంట్లో వాపు ఎక్కువ, పూడిపోయే గుణం కూడా ఎక్కువ. అందుకే కలిపి చేసిన ఆపరేషన్‌లో ప్రెజర్, గ్లకోమా ఒక్కదానికే చేసినప్పుడు తగ్గినంత తగ్గదు. ఈ సంగతి ముందే తెలిసి ఒప్పుకోవాలి.

అంకెలు రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ కొని, ఆపరేషన్ కంటివి, రెండో కంటివి విడివిడిగా రాయండి. కావలసినవి ఇవి: ఇప్పుడున్న ప్రెజర్, ఎన్ని రకాల చుక్కలతో అది అంతుందో, నరం గుంట కొలత (కంటి నరం మొదట్లో ఉండే గుంట ఎంత పెద్దదో), ఫీల్డ్ టెస్ట్‌లో (చుట్టూ ఎంత మేర కనబడుతోందో చూసే పరీక్ష) ఎండీ విలువ, అంటే ఆ చూపు మొత్తమ్మీద ఎంత తగ్గిందో చెప్పే అంకె, చూపు. ప్రెజర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. నరం గుంట 0.3, 0.4 అంటే మామూలు. 0.8, 0.9 అంటే నరం చాలావరకు పోయిందని అర్థం. ఫీల్డ్ టెస్ట్‌లో ఎండీ మైనస్ 6 లోపు ఉంటే తొలి దశ, మైనస్ 12 దాటితే ముదిరిన దశ. నల్లగుడ్డు మందం కూడా అడగండి. అది పలచగా ఉంటే మిషన్ ప్రెజర్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది.

గోనియోస్కోపీ చేశారా అని తప్పకుండా అడగండి. కంటి మీద చిన్న అద్దంలాంటి లెన్స్ పెట్టి, నీరు పోయే మూల తెరిచి ఉందా, ఇరుకుగా ఉందా చూసే పరీక్ష అది. మూల ఇరుకుగా ఉన్న కంట్లో ఉబ్బిన శుక్లాన్ని తీసేస్తేనే మూల తెరుచుకుని ప్రెజర్ బాగా తగ్గవచ్చు. అప్పుడు గ్లకోమా ఆపరేషన్ అవసరమే పడకపోవచ్చు. మూల తెరిచి ఉన్న రకంలో శుక్లం ఒక్కటే తీస్తే తగ్గేది సాధారణంగా 2 నుంచి 4 పాయింట్లు, అంతే.

కలిపి చేయించుకోవాలా, విడిగానా?

ఒకటి లేక రెండు చుక్కలతో ప్రెజర్ అదుపులో ఉండి, నరం పెద్దగా దెబ్బతినకపోతే శుక్లం ఒక్కటే చాలు. శుక్లం లేతగా ఉండి, ప్రెజర్ ఎన్ని మందులకూ లొంగకపోతే ముందు గ్లకోమా ఆపరేషన్, ఆర్నెల్లో ఏడాదో ఆగి శుక్లం. రెండూ ముదిరినప్పుడు, మూడు రకాల చుక్కలు వేసినా ప్రెజర్ అంచు మీదే ఉన్నప్పుడు కలిపి చేయడం మంచిది. నరం బాగా పోయిన కంట్లో శుక్లం ఒక్కటే తీస్తే ఆ రాత్రే ప్రెజర్ ఒక్కసారిగా ఎగిసి, మిగిలిన కాస్త చూపుకీ ప్రమాదం రావచ్చు. కలిపి చేస్తే ఆ ముప్పు తగ్గుతుంది.

ఇంకో లెక్క చాలామంది వేసుకోరు: బస్సు లెక్క. ఈ ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలల్లో ఏడెనిమిది సార్లు ఆసుపత్రికి రావాలి. మాచర్ల నుంచో, రేపల్లె నుంచో గుంటూరుకు, నందిగామ నుంచో నూజివీడు నుంచో విజయవాడకు తోడు మనిషితో అన్నిసార్లు రాగలరా? రాలేకపోతే ఆ మాట మొహమాటపడకుండా డాక్టరుకు ముందే చెప్పండి. దాన్నిబట్టి ఆయన వేరే పద్ధతి ఎంచుకోవచ్చు. చెకప్‌లకు రాలేని మనిషికి చేసిన ట్రాబెక్యులెక్టమీ సగం ఆపరేషన్ కిందే లెక్క.

ఉచిత క్యాంపులో శుక్లానికి పేరు రాయించుకునేటప్పుడు గ్లకోమా చుక్కలు వాడుతున్న సంగతి దాచకండి. వాడుతున్న సీసాలు చేతిలో పెట్టుకెళ్లి చూపించండి. గ్లకోమా చూసే స్పెషలిస్టు దగ్గరే ఈ ఆపరేషన్ చేయించుకోవాలి. గుంటూరు, విజయవాడ వైపు వాళ్లు దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌లో, గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద మీ ఆపరేషన్‌లో ఏ భాగానికి డబ్బు వస్తుందో, లెన్స్‌కూ చుక్కలకూ వస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్ దగ్గర తేల్చుకోండి.

డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ కంటికి ప్రెజర్ ఎంతలోపు ఉండాలనుకుంటున్నారు? ఏ లెన్స్ వేస్తున్నారు? మొదటిదానికి వచ్చే అంకెను టార్గెట్ ప్రెజర్ అంటారు. జబ్బు ముదిరిన కళ్లకు అది 12 దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాయండి. రెండోదానికి జవాబుగా మోనోఫోకల్ (ఒకే దూరానికి సరిపోయే లెన్స్) అంటే సరిపోయింది. దగ్గరా దూరం రెండూ కనబడతాయని ఎక్కువ ధరకు ఇచ్చే మల్టీఫోకల్ లెన్స్, నరం దెబ్బతిన్న కంటికి పనికిరాదు. గ్లకోమాలో అసలే మసక వెలుతురులో తేడాలు పట్టే శక్తి తగ్గి ఉంటుంది, ఆ లెన్స్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

తేదీ, ముందు వారం

మిర్చి పని ఉన్న ఇళ్లవాళ్లు కోతలు, కల్లాలు, తొడాలు తీసే రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోవద్దు. మిర్చి ఘాటు అంటిన చెయ్యి ఒక్కసారి కంటికి తగిలితే చాలు, రుద్దకుండా ఉండలేరు. వెనక మూడు నెలలు ఖాళీ ఉన్న తేదీ చూసుకోండి.

షుగరు, బీపీ అదుపులోకి తెచ్చుకోండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, ఆపాలో వద్దో గుండె డాక్టరూ కంటి డాక్టరూ కలిసి చెబుతారు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా చెప్పండి. ఆ మాత్ర వల్ల కంటిపాప ఆపరేషన్ మధ్యలో మెత్తబడి ముడుచుకుపోతుంది, ముందే తెలిస్తే సర్జన్ సిద్ధంగా ఉంటారు. కంటి ప్రెజర్ తగ్గించే డయామాక్స్ మాత్ర ఇస్తే వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. రెప్పల అంచుల్లో పొట్టు, కురుపు ఉంటే తగ్గాకే ఆపరేషన్.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తలస్నానం ముందురోజే చేసేయండి. కాటుక, బొట్టు, విభూతి లేకుండా వెళ్లండి. మత్తు కంటికే ఇస్తారు.

చుక్కల లెక్క

ఫలితాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

డిశ్చార్జ్ చీటీలో మామూలుగా మూడు రకాలుంటాయి: మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఒకటి రెండు వారాలు, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ రెండు మూడు నెలలు, అవసరమైతే కంటిపాపను విప్పి ఉంచే హోమాట్రోపిన్ లేదా అట్రోపిన్ కొన్ని వారాలు. మీకు రాసిచ్చిన చీటీయే మీకు ప్రమాణం. అయినా ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. స్టెరాయిడ్ మొదటి రెండు వారాలు రోజుకు 8 సార్లు, తర్వాత వారానికొకటి చొప్పున 6, 5, 4, 3, 2, 1 సార్లు అనుకోండి. మొదటి రెండు వారాలకు 112 చుక్కలు, ఆ తర్వాత ఆరు వారాలకు 147. మొత్తం 259. 5 మిల్లీలీటర్ల సీసాలో వచ్చేది సుమారు 100 చుక్కలు, అందులో గురి తప్పి చెంప మీద పడేవి కొన్ని. అంటే మూడు సీసాలు కావాలి. ఒక్క సీసా కొని, పన్నెండో రోజుకు అది అయిపోగానే, కన్ను ఎర్రగా లేదు కదా అని ఆపేస్తే బ్లెబ్ సరిగ్గా పూడిపోయే రోజుల్లో దానికి కాపలా తీసేసినట్టే. రెండో సీసా మొదటిది అయిపోకముందే ఇంట్లో ఉండాలి.

స్టెరాయిడ్ సీసాలో మందు అడుగున పేరుకుని ఉంటుంది. ప్రతిసారీ బాగా ఊపాలి. ఊపకపోతే మొదటి వారమంతా పలచటి నీళ్లు, చివర్లో చిక్కటి మందు పడతాయి.

వేసే పద్ధతి: చేతులు సబ్బుతో కడుక్కోండి. రోగిని పడుకోబెట్టి పైకి చూడమనండి. కింది రెప్పనే చూపుడు వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. పైరెప్ప జోలికి పోవద్దు, దాని కిందే బ్లెబ్ ఉంది. సీసా మొన రెప్పకూ వెంట్రుకలకూ తగలకుండా అంగుళం ఎత్తున పట్టుకుని ఒక్క చుక్క వేయండి. రెండో చుక్క ఆ సంచిలో పట్టదు, కారిపోతుంది. కన్ను మూయించి, ముక్కు పక్క మూలలో వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచండి. రెండో మందు వేయడానికి కనీసం ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, నెల దాటితే పారేయండి.

ఇంకో పెద్ద పొరపాటు. ఆపరేషన్ అయిన కంటికి పాత గ్లకోమా చుక్కలు సాధారణంగా ఆపేస్తారు. రెండో కంటికి ఆపరు! ఆపరేషన్ అయింది కదా అని రెండు కళ్లకూ మానేసి, మూడు నెలల తర్వాత రెండో కంట్లో నష్టంతో వచ్చేవాళ్లు ఉంటారు. సీసాలకు రంగు దారాలు కట్టండి, ఆపరేషన్ కంటి సీసాలకు ఎర్రదారం, రెండో కంటివాటికి ఆకుపచ్చ. చదువురాని పెద్దవాళ్లు కూడా పొరబడరు. లాటానోప్రోస్ట్ రకం చుక్కలు ఎండవేడికి చెడతాయి. బెజవాడ మే నెలలో రేకుల ఇంట్లో, కిటికీ గట్టు మీద పెట్టిన సీసాను నమ్మొద్దు. కొత్త సీసా ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు.

చెకప్‌లలో ఏం జరుగుతుంది

మర్నాడు, వారానికి, ఆ తర్వాత నెలన్నర దాకా వారం రెండు వారాలకోసారి, మళ్లీ రెండో నెలలో, మూడో నెలలో. సుమారు ఇదీ వరుస. ప్రతిసారీ ప్రెజర్ అంకె అడిగి నోట్‌బుక్‌లో తేదీతో రాయండి.

మొదటి రోజుల్లో ప్రెజర్ 5, 6 కి పడిపోయి చూపు మసకగా ఉండొచ్చు, కంగారు పడొద్దు. చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఇంకా కిందికి పోయి లోపలి పొరల కింద నీరు చేరినా, బ్లెబ్ నుంచి నీరు బయటికి కారినా డాక్టరు చూసుకోవాలి. నారింజరంగు కాగితం ముక్క తాకించి నీలి వెలుతురులో చూసేది ఆ లీకు కోసమే.

ప్రెజర్ పెరిగితే మూత మీద వేసిన కుట్టును లేజర్‌తో తెంపుతారు, లేదా ముడి విప్పి లాగేస్తారు. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. దీన్ని మళ్లీ ఆపరేషన్ అనుకుని భయపడతారు. అది ముందే అనుకున్న మెట్టు, కావాలనే కుట్టు బిగువుగా వేసి తర్వాత వదులు చేస్తారు. కానీ దానికి గడువుంది. మొదటి కొన్ని వారాలు దాటాక కుట్టు తెంపినా లోపల అతుక్కుపోయి ప్రయోజనం అంతగా ఉండకపోవచ్చు. మూడో వారం చెకప్ ఐదో వారానికి వాయిదా వేస్తే పోయేది ఆ గడువే. బ్లెబ్ గట్టి గుమ్మటంలా బిగుసుకుంటే సన్నటి సూదితో లోపలి అతుకులు విడదీస్తారు. కన్ను మర్దన చేయమని డాక్టరు చేసి చూపిస్తే తప్ప ఎవరో చెప్పారని చేయొద్దు.

స్టెరాయిడ్ చుక్క వల్లే కొందరికి ప్రెజర్ పెరుగుతుంది. అది దారి పూడటం వల్లనా, మందు వల్లనా అన్నది చూసి చెప్పేది డాక్టరే. మీరు మందు ఆపేయకండి, అలాగని పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ కొని వేసుకోకండి.

ఇంట్లో

నెల రోజులు నిద్రలో ప్లాస్టిక్ షీల్డ్ పెట్టండి. ఆపరేషన్ అయిన వైపు తిరిగి పడుకోవద్దు. నీళ్ల బిందె, బియ్యం బస్తా ఎత్తొద్దు. వంగి ముగ్గు వేయడం, సాష్టాంగ నమస్కారం, ముక్కి విరేచనానికి పోవడం మానాలి. మలబద్ధకం ఉంటే మందు అడగండి. నెల రోజులు తల మీద నుంచి నీళ్లు పోసుకోకుండా మెడ కింది స్నానమే, తలస్నానం డాక్టరు సరేనన్నాకే. కృష్ణలో మునక బ్లెబ్ ఉన్నంతకాలం వద్దు. ఒడ్డున నీళ్లు చల్లుకున్నా ఆ నీరు కంట్లో పడకూడదు. నందివర్ధనం రసం, తేనె, ఆముదం ఏదీ కంట్లో వేయొద్దు. ఆ పొక్కు మీద చర్మం కాగితమంత పలచన, క్రిములకు అదే వాకిలి.

ఈ లక్షణాల్లో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు: కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి, పుసి. ఆపరేషన్ అయి పదేళ్లయినా ఇదే మాట. బ్లెబ్ ద్వారా క్రిములు ఏళ్ల తర్వాత కూడా లోపలికి పోతాయి. మామూలు కండ్లకలక అని షాపులో చుక్కలు తెచ్చుకుని రెండు రోజులు గడిపేస్తే కన్నే పోవచ్చు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదటి మాటగా, ఈ కంటికి గ్లకోమా ఆపరేషన్ అయింది అని చెప్పండి.

మూడు నెలలకు ఫలితం చూసుకోవడం

అద్దాలు రెండు మూడు నెలలు దాటాకే. ప్రెజర్ తగ్గేసరికి గుడ్డు కొలత కొద్దిగా మారుతుంది, కుట్ల బిగువుకు నల్లగుడ్డు వంపు కూడా మారుతుంది. నెలకే అద్దాలు చేయిస్తే మళ్లీ చేయించాల్సిందే.

తర్వాత నోట్‌బుక్ తీయండి. చుక్కలేవీ లేకుండా ప్రెజర్ టార్గెట్ లోపలుంటే పూర్తి ఫలితం. ఒకటి రెండు చుక్కలతో ఉంటే అదీ మంచి ఫలితమే, ముందు నాలుగు వేసేవాళ్లకు మరీను. చుక్క మళ్లీ మొదలైందని ఆపరేషన్ ఫెయిలైందనుకోవద్దు. చుక్కలతో కూడా టార్గెట్ అందకపోతేనే తర్వాతి మెట్టు ఏమిటని అడగాలి.

చూపు చార్టు మీద ఎన్ని వరుసలు పెరిగినా, అది శుక్లం వల్ల పోయి తిరిగొచ్చిన చూపు మాత్రమే. గ్లకోమా తినేసిన పక్కచూపు రాదు. గుమ్మం అంచు తగలడం, పక్కనుంచి వచ్చే ఆటో కనబడకపోవడం అలాగే ఉంటాయి, ఇంట్లోవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని నడిపించాలి.

ఒక చిక్కు ఉంది. శుక్లం మసక వల్ల ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ (కంటి నరం పొర మందం చూసే స్కాన్) రెండూ ఆపరేషన్‌కు ముందు అసలు కంటే అధ్వానంగా వచ్చి ఉంటాయి. తీశాక ఎండీ మైనస్ 14 నుంచి మైనస్ 11 కి వచ్చిందనుకోండి, నరం బాగుపడినట్టు కాదు, తెర తొలగింది అంతే. పాత రిపోర్టుతో పోల్చుతూ పోతే ఆ తర్వాత రెండు పాయింట్లు నిజంగా పోయినా, ముందుకంటే నయమే కదా అనిపిస్తుంది. అందుకని మూడో నెల తర్వాత ఫీల్డ్ టెస్ట్ కొత్తగా చేయించండి, వీలైతే కొద్ది వారాల తేడాతో రెండుసార్లు. ఓసీటీ కూడా. ఇకముందు పోలిక వాటితోనే. పాతవి పారేయకుండా విడిగా ఒక కవర్లో పెట్టండి.

ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి ప్రెజర్, ఏడాదికి కనీసం ఒకసారి ఫీల్డ్ టెస్ట్, ఎప్పటికీ. ఇంకొకటి, గ్లకోమా రక్తసంబంధంలో వస్తుంది. చెకప్‌కు తోడొచ్చిన కొడుకు, కూతురు, తమ్ముడు, చెల్లెలు నలభై దాటితే ఆ రోజే వాళ్ల పేరున కూడా ఓపీ చీటీ రాయించండి.